మే ఒకటి ఖాళీగానే ఉంది

ఆరేళ్ళుగా మొరపెట్టుకుంటున్నాను. ఒక్కరూ పట్టించుకోలేదు. మేనేజరుకు నోటితో చెప్పాను. ప్రాగ్‌లోని హెడ్డాఫీసుకు రాతపూర్వకంగా చెప్పాను. ఇంట్లో మా ఆవిడకు అన్నం తింటూ చెప్పాను. మేనేజరు నవ్వాడు, హెడ్డాఫీసు ఫిర్యాదు మూసేసింది, మా ఆవిడ పెరుగు వడ్డించింది. అందుకని ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను. అచ్చులో పడ్డదాన్ని ఎవరూ మూసెయ్యలేరు.

ఎవరి పేరూ రాయను. వాళ్ళ క్యాలెండర్లో నా పేరు లేనప్పుడు నా రాతలో వాళ్ళ పేర్లెందుకు?

మాది కంప్యూటర్లకు వైరస్ సోకకుండా కాపాడే సాఫ్ట్‌వేర్ తయారు చేసే చెక్ దేశపు కంపెనీ. దోహాలో దాని శాఖ చాలా చిన్నది, పదకొండు మందిమి. నాది ఫోన్ల దగ్గర ఉద్యోగం. మెసైమీర్‌లో ఏదో గోదాము నుంచి ఒకాయన ఫోన్ చేసి "మీ సాఫ్ట్‌వేర్ నా ఫైలు మింగేసింది" అని అరుస్తాడు. "మింగలేదు సార్, అనుమానం వచ్చి పక్కన కూర్చోబెట్టింది" అని నేను శాంతంగా చెప్పాలి. ఆరేళ్ళలో నేను గొంతు పెంచిన సందర్భం ఒక్కటి కూడా లేదు. ఈ విషయం కూడా ఎవరూ గుర్తించలేదు.

అసలు సంగతికి వస్తాను. చెక్ వాళ్ళ క్యాలెండర్లో ప్రతి తేదీ పక్కనా ఒక పేరుంటుంది. ఆ పేరున్న వాళ్ళందరికీ ఆ రోజు పండుగ. పుట్టినరోజుతో దానికి సంబంధం లేదు. మా ఆఫీసులో దాన్ని శ్రద్ధగా పాటిస్తారు. పొద్దున్నే ప్రాగ్ నుంచి "ఈరోజు ఫలానా పేరు రోజు" అని ఒక్క వాక్యం మెయిల్ వస్తుంది. వెంటనే తలుపు ఎదురుగా ఉన్న పెద్ద టీవీ మీద మా కంపెనీ గుర్తయిన ఆకుపచ్చ డాలు బొమ్మ, దాని కింద ఆ పేరు కనిపిస్తాయి. సాయంత్రం దాకా అలాగే వెలుగుతూ ఉంటాయి. మేనేజరు ఒక పువ్వు ఇచ్చి చెయ్యి కలుపుతాడు. పండుగ మనిషి తినడానికి ఏదైనా తెచ్చి అందరికీ పంచుతాడు.

నేను చేరిన నెలలోనే పక్క సీటు మలయాళీ ఆవిడకు పండుగ వచ్చింది. ఆవిడ క్రైస్తవురాలు, పేరు క్యాలెండర్లో ఉంది. అరటికాయ చిప్స్ తెచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. తరవాత ఫిలిప్పీన్స్ అతనికి వచ్చింది. అతని పేరులో రెండు ముక్కలు, రెండూ క్యాలెండర్లో ఉన్నాయి. అంటే ఏడాదికి రెండు పండుగలు. రెండింటికీ చప్పట్లు కొట్టాను. జోర్డాన్ ఇంజనీరుది అరబ్బీ పేరు కదా, అతనూ నేనూ ఒకే పడవలో ఉన్నామనుకున్నాను. మేనేజరు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, ఆ అరబ్బీ పేరూ తమ చెక్ పేరూ ఒకే ప్రవక్త నుంచి వచ్చాయని కనిపెట్టాడు. అతనికీ పువ్వు దొరికింది. ఆ రోజు చప్పట్లు కొట్టానుగానీ, నెమ్మదిగా కొట్టాను.

"నా పేరు గురించి కూడా ఒక మధ్యాహ్నం కూర్చోండి" అని మేనేజరుతో అన్నాను. ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూసి, "మీ పేరు చాలా పొడుగు కదా" అన్నాడు. ఈ మాట ఆయన అన్నది ఒక సోమవారం, భోజనానికి పది నిమిషాల ముందు. నాకు బాగా గుర్తుంది.

అప్పుడే మొదటి ఫిర్యాదు పెట్టాను. కస్టమర్లు సాఫ్ట్‌వేర్ లోపాలు చెప్పుకునే పద్ధతిలోనే, పద్ధతి ప్రకారం: "లోపం: నా పేరు లేదు. తీవ్రత: అత్యధికం." గురువారం సాయంత్రం, నేను మెట్రో ఎక్కి అల్ వక్రాలో ఇంటికి వెళ్ళిపోయాక, ప్రాగ్ నుంచి జవాబు వచ్చింది: "ఇది లోపం కాదు. ఇలాగే తయారు చేశాం. ఇంకేమైనా చెప్పాలా?" రెండు రోజుల్లో బదులివ్వకపోతే ఫిర్యాదు దానంతటదే మూసుకుపోతుంది. మాకు శుక్ర, శనివారాలు సెలవు. వైరస్ కంపెనీ కాబట్టి ఇంటి నుంచి ఆఫీసు ఫైళ్ళు తెరవనివ్వరు. ఆదివారం పొద్దున్న వచ్చేసరికి "ఫిర్యాదుదారు స్పందించనందున మూసివేశాం" అని ఉంది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ గురువారం సాయంత్రమే జవాబు. ఇలా పద్నాలుగు సార్లు.

"కావాలనే చేస్తున్నారు" అన్నాను మా ఆవిడతో.

"కావాలని చెయ్యాలంటే ముందు మీరు గుర్తుండాలి కదండీ" అంది. "అయినా దాన్ని పేరు పండుగ అనండి. మొన్న ఫోన్లో మా అమ్మతో 'ఆఫీసులో నా దినం చెయ్యట్లేదు' అన్నారట. ఆవిడ హడలిపోయింది."

మా ఆఫీసు వ్యాన్ నడిపేది జగిత్యాల మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కస్టమర్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు అతనికి ఈ గోడు వినిపించడం నాకు అలవాటు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ సందుల్లో పార్కింగ్ కోసం తిరుగుతూ ఒకరోజు అతను విసుక్కున్నాడు.

"సారూ, నేనీడికొచ్చి పదకొండేండ్లాయె. మా ఊర్ల అందరు ఇంకా నేను దుబాయ్‌ల ఉన్ననే అంటరు. నాకు దేశం పేరే తప్పు వెట్టిన్రు, నేనేమన్న అన్ననా? నీకు టీవీల పేరు రాలేదని గింత లొల్లా?"

"నీ పేరు కూడా లేదు కదయ్యా ఆ క్యాలెండర్లో! నీకు బాధ లేదూ?"

"నా పేరు నా బతాకల ఉన్నది సారూ. పోలీసోడు ఆపితే అదొక్కటే అడుగుతడు. పువ్వు ఉందా అనడగడు. యల్లా, దిగు, జాగ దొరికింది."

బతాకా అంటే ఇక్కడి గుర్తింపు కార్డు. దానిమీద నా పేరూ ఉంది. కానీ దానికి ఎవరైనా చప్పట్లు కొడతారా?

నేను పట్టు వదలలేదు. "మూడు వందల అరవై అయిదు రోజులూ నిండిపోయాయి, ఖాళీ లేదు" అని మేనేజరు ఒకసారి అన్న మాట పట్టుకున్నాను. వంటగదిలో ప్రాగ్ నుంచి వచ్చిన గోడ క్యాలెండర్ ఉంది, నెలకో పుట్టగొడుగు బొమ్మతో. వారం రోజులు టీ విరామంలో దాని ముందు నిలబడి, తేదీ తేదీకీ వేలు పెట్టి చదివాను. మే ఒకటి దగ్గర వేలు ఆగింది. అక్కడ ఎవరి పేరూ లేదు, కార్మికుల పండుగ అని మాత్రం ఉంది. జనవరి ఒకటి కూడా ఖాళీయే. కానీ ఆ రోజు అడగడానికి నాకే సిగ్గేసింది.

క్యాలెండర్ మేకు నుంచి తీసి మేనేజరు గదిలోకి పట్టుకెళ్ళాను.

"ఇది సెలవు రోజు" అన్నాడాయన.

"మీకు సెలవు. దోహాలో నాకు డ్యూటీ."

ఆయన చాలాసేపు చూశాడు. తల గోక్కున్నాడు. "ఇందులో తప్పేమీ కనబడటం లేదు" అన్నాడు బాధగా. ప్రాగ్‌లో క్యాలెండర్ మెయిల్ పంపే ఆవిడకు తానే రాస్తానన్నాడు. ఆవిడ కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉందట, ప్రతి పొద్దునా ఆ ఒక్క వాక్యం తన చేత్తోనే టైపు చేస్తుందట. నేను ఎనిమిది నెలలు ఎదురుచూశాను.

ఇక్కడ మా కంపెనీలోని ఇంకో ఆచారం చెప్పాలి. మూడు నెలలకోసారి హెడ్డాఫీసు వాళ్ళే మాకు దొంగ మెయిళ్ళు పంపుతారు, మేం మోసపోతామో లేదో చూడటానికి. "మీ పార్శిల్ వచ్చింది, ఇక్కడ నొక్కండి" లాంటివి. నొక్కినవాడి బల్ల మీద వారం రోజులు గుడ్డతో కుట్టిన పెద్ద చేప కూర్చుంటుంది. గాలానికి చిక్కావని అర్థం. చెక్ వాళ్ళు క్రిస్మస్‌కు వండుకునే చేపట అది. కాకినాడ వాడిని, నా కంటికి అచ్చం బొచ్చె. ఆ చేప అందరి బల్లల మీదా కూర్చుంది. మేనేజరు బల్ల మీద రెండుసార్లు. నా బల్ల మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. దొంగ మెయిల్ కనబడగానే ఎర్ర బటన్ నొక్కి పట్టించేవాణ్ణి. కంపెనీ మొత్తంలో నాదే మచ్చలేని రికార్డు. దానికీ పువ్వు లేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున్న నాకు మెయిల్ వచ్చింది. "శుభాకాంక్షలు! మీకోసం ఒక రోజు దొరికింది. కింద నొక్కి, గురువారం లోపల మీ పేరు సరిచూసి ఖాయం చేయండి." పంపినవాళ్ళ చిరునామా ఎప్పుడూ చూసింది కాదు.

నవ్వొచ్చింది. మాకు నేర్పిన పాఠమే అది: ఎర ఎప్పుడూ మీరు కోరుకునేదే అయి ఉంటుంది, తొందరపెడుతుంది, నొక్కమంటుంది. మూడూ ఉన్నాయి. పక్క సీటు ఆవిడను పిలిచి చూపించాను.

"చూశారా, ఈసారి నాకోసం ప్రత్యేకంగా తయారు చేశారు. నా పద్నాలుగు ఫిర్యాదులూ చదివి మరీ రాశారు."

"ఒకవేళ నిజమేమో సార్. ఎందుకైనా మంచిది, ఒకసారి ఫోన్ చేసి అడగండి."

"గాలం వేసినవాణ్ణే అడగమంటారా, ఇది గాలమేనా అని?"

ఎర్ర బటన్ నొక్కాను. చేతులు దులుపుకుని టీ తాగాను.

మచ్చలేని రికార్డున్నవాడు చెబితే మా సాఫ్ట్‌వేర్ ఎదురు ప్రశ్న వెయ్యదు. పంపినవాళ్ళ నోరు ఆ క్షణమే కంపెనీ అంతటా నొక్కేస్తుంది. క్యాలెండర్ ఆవిడ రోజూ పంపే ఉమ్మడి మెయిల్ పెట్టె నుంచి కాకుండా, మర్యాద కొద్దీ తన సొంత చిరునామా నుంచి నాకు రాసిందట. నాకెలా తెలుస్తుంది? ఆవిడ రెండు పెట్టెలూ మూతపడ్డాయి. మరునాటి నుంచి పేర్ల మెయిల్ ఆగిపోయింది. టీవీ మీద డాలు మాత్రమే మిగిలింది. అలా గడిచిన మూడు రోజుల్లో ఒకటి కంపెనీ పెద్దాయన పేరు రోజు. ఆయన ప్రాగ్‌లో కేకుల ట్రే ముందు పెట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నాడట. ఒక్కరూ చెయ్యి కలపలేదట.

గురువారం మధ్యాహ్నం మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. ఆయన చంకలో చేప ఉంది.

"ఆ మెయిల్ పట్టించింది మీరేనా?"

"నేనే" అన్నాను లేచి నిలబడి. మెచ్చుకోవడానికి వచ్చాడనుకున్నాను.

ఆయన సంగతంతా చెప్పాడు. చెప్పి, చేపను నా బల్ల మీద పెట్టాడు.

"ఇది అన్యాయం! చేప నొక్కినవాడికి. నేను నొక్కలేదు."

"బటన్ నొక్కారు కదా."

"అది వేరే బటన్!"

"మోసం నమ్మినవాడికి చేప ఇస్తాం. నిజం నమ్మనివాడికి ఇవ్వకూడదని రూల్ ఎక్కడుంది?"

రూల్ ఉందో లేదో ఆ సాయంత్రమంతా వెతికాను. లేదు. అది కూడా ఒక లోపంగా నమోదు చేశాను. ఈలోగా గురువారం గడిచిపోయింది.

ఆ తరవాతి వారం ఆవిడ పెట్టెలు తెరిచారు. నేను క్షమాపణ రాశాను. రెండు పేజీలు వచ్చింది, అందులో పేజీన్నర నా తప్పు ఎందుకు కాదో వివరించాను. జవాబు లేదు.

మే ఒకటి రానే వచ్చింది. మా ఆవిడ ముందురోజే గవ్వలు చేసి డబ్బాలో పోసింది. "పువ్వు ఇచ్చినా ఇవ్వకపోయినా తినడానికి మాత్రం అందరూ వస్తారు, తీసుకెళ్ళండి" అంది. టీవీ మీద డాలు ఉంది, దాని కింద ఏమీ లేదు. గవ్వల డబ్బా మూత తీశాను. ఫిలిప్పీన్స్ అతను గుప్పెడు తీసుకుని "ఈరోజు ఎవరిది?" అన్నాడు.

"మీరే చెప్పండి" అన్నాను.

"కార్మికులది కదా!" అని నా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. రెండు పండుగలున్నవాడికి నా బాధ ఏం తెలుస్తుంది?

కిందికి దిగితే డ్రైవర్ వ్యాన్ వెనక నిలబడి పిలిచాడు. ముందురోజు దుమ్ము గాలి వీచింది. వెనక అద్దం నిండా దుమ్ము. అందులో వేలితో నా పేరు తెలుగులో, ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసిపెట్టాడు.

"ఇగో సారూ, నీ టీవీ. సంబురమేనా? గవ్వలు దే."

నేను ఫోటో తీసేలోపు పైనుంచి మేనేజరు ఫోన్: పెద్ద కస్టమర్ వస్తున్నాడు, బండి కడిగించమని. నా కళ్ళ ముందే నీళ్ళు కొట్టారు. ఆ పైపు ఎవరు పట్టుకున్నారో కూడా నాకు గుర్తుంది.

ఇప్పుడు విన్నదేమిటంటే, క్యాలెండర్ ఆవిడ ఈ ఏడాది చివర రిటైరవుతోంది. ఆ తరవాత ఆ మెయిల్‌ను మనిషి కాకుండా యంత్రమే పంపుతుందట. యంత్రంలో అప్పుడున్న పేర్లే శాశ్వతం.

అమ్మా, ఇది మీకే రాస్తున్నాను. దీన్ని ఇంగ్లీషులో పెట్టి, కాగితం మీద, పోస్టులో మీకు పంపుతున్నాను. నొక్కడానికి ఇందులో ఏమీ లేదు. మీరు నన్ను నిజంగానే జాబితాలో చేర్చారా? ఆ మెయిల్‌లో రాసిన రోజు మే ఒకటేనా? గురువారం గడిచిందని నన్ను తీసేశారా, లేక నా మీద కోపంతో తీసేశారా? కోపమైతే కోపమని రాయండి, దానికి వేరే ఫిర్యాదు పెట్టుకుంటాను. మీరు కుర్చీ ఖాళీ చేసేలోపల, మీ చేత్తో, నా పూర్తి పేరు పెట్టి, అవునో కాదో ఒక్క మాట జవాబు రాయండి.