మునెమ్మక్క పొలంలో మట్టి తీసిన చోటు

కార్బన్ క్రెడిట్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే. చంద్రగిరి అవతల మా చెల్లెలికీ నాకూ కలిపి మూడెకరాల మెట్ట ఉంది; సాగు చెల్లెలిది, సలహాలు నావి. దుక్కి తగ్గించి, ఆకూ అలమా కాల్చకుండా నేలలో కలిపితే గాలిలో చేరాల్సిన కర్బనం మట్టిలో నిలుస్తుందనీ, అది పెరిగిన మేరకు క్రెడిట్లు వస్తాయనీ, పొగ వదిలే పరిశ్రమలు వాటిని కొంటాయనీ ఒక సంస్థవాళ్లు వచ్చి చెప్పారు. ఇప్పుడు ఎంత ఉందో కొలిచేందుకు సోమవారం మొదటిసారి మట్టి తీస్తామన్నారు. మా నేల మరీ పేదగా కనబడకూడదని, ఆలోగా ఒక ట్రాక్టరు పశువుల ఎరువు చల్లించమని చెల్లెలికి చెప్పేశాను. అయినా సంతకం పెట్టేముందు ఆ సంస్థతోనే ఇదంతా చేసి చూసిన మునెమ్మక్క అనే రైతును కలవాలనిపించి, శనివారం పాకాలకు బయలుదేరాను.

తిరుపతి బస్టాండులో ఆరున్నరకు పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు ఉంటే చాలు. ఎనిమిదికి పాకాలలో దిగి, ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాను. బాషా అనే ఆ డ్రైవరు నూట యాభై అడిగి నూటికి దిగాడు.

“గాలి అమ్మే మునెమ్మక్క కాడికా? ఎక్కండి మేడం. మా ఫ్యాను గాలి గూడా కొంటారేమో అడిగి సెప్పండి.”

మునెమ్మక్కకు యాభై దాటి ఉంటాయి. రెండెకరాల చెరకు. కొట్టిన తర్వాత మిగిలే ఎండాకును చుట్టుపక్కల అందరూ కాల్చేస్తారు. ఈమె సాళ్ల మధ్య పరిచేస్తుంది. పారతో ఒక పెళ్ల తీసి నా చేతిలో పెట్టింది. లోపల చల్లగా ఉంది, వానపాములు కదులుతున్నాయి. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి పెట్టింది. ఇంతకంటే మంచి భోజనం నేను ఈమధ్య తినలేదు.

“క్రెడిట్లు బాగానే వచ్చుంటాయే అక్కా,” అన్నాను.

“ఒకటీ రాలే. మొదట మన్ను తీసేదానికి వచ్చినోళ్లను నేనే దిబ్బ కాడికి పిలుసుకుపోయినా. ఏండ్ల తరబడి ఎరువు పడిన సోటు, నల్లగా ఉంటాది గదా. పెండ్లిసూపులకు పాతకోక కట్టి కూసోబెడతామా? వాళ్లూ ఎండకు తాళలేక ఆడే తవ్వుకొని పోయినారు. మూడేండ్లకు మళ్లా వచ్చి సేనంతా తవ్వి సూస్తే, మొదటిదానికంటే తక్కువే ఉండాది. పెరగందే క్రెడిట్టు యాడిదంటారు? అప్పుడు నిజం సెప్పేసినా. ఇంక ఆ పొద్దు తీసిన మన్నే మొదటి లెక్కని రాసుకున్నారు.”

చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను. సిగ్గు విడిచి మా ట్రాక్టరు సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. “తిండి తర్వాత, ముందు ఫోను సెయ్,” అంది.

చెల్లెలు ఎత్తింది. కుప్ప దించారట, చల్లడానికి మనుషులు వచ్చారట.

“చల్లించొద్దే. పొలం బయటికి తోలించు.”

“నిన్న సల్లమంటివి, ఈరోజు వద్దంటావు. ఆ సదువంతా ఎందుకక్కా నీకు?”

ఫోను పెట్టాక, మూడేళ్ల కష్టం పోయినందుకు బాధ లేదా అని మునెమ్మక్కను అడిగాను.

“ఏడ్సినా. కానీ ఎండాకాలం పక్కసేను నెర్రెలిచ్చినా నా సెరుకు నిలబడింది. పోయింది కాయితంలోదమ్మా. మన్నులోది యాడికి పోతాది?”

నాలుగింటి బస్సులో తిరిగొస్తూ ఆలోచించాను. గెలిచిన కథ ఎవరైనా చెబుతారు. తాను పొరబడిన చోటును ముక్కూ మొహం తెలియని నాకు చూపించి, మా చెల్లెలి మూడేళ్లు కాపాడింది ఈమె. ఆ రుణం నేను తీర్చలేను. సోమవారం సంతకం పెట్టాం.

మీ పొలానికీ మట్టి తీసేవాళ్లు వస్తే, వాళ్ల పటంలో గుర్తు ఎక్కడుంటే అక్కడే తవ్వనివ్వండి. మజ్జిగ ఇవ్వండి, నీడన కూర్చోబెట్టండి. మంచి చోటు మాత్రం చూపించకండి.