పడవ ముక్కు ఎగువకు

నా చిన్నప్పుడు మా పల్లెకూ దవాఖానాకూ నడుమ గోదావరి ఉండేది. పర్ణశాలకు యాత్రికులను తీసుకుపోయే లాంచీలు మా రేవులో ఆగేవి కావు. మాకున్నదల్లా ఒక నాటుపడవ, దాన్ని నడిపే ఒక ముసలాయన. ఊరంతా ఆయన్ని పడవ తాత అని పిలిచేవారు.

ఆ వానాకాలం ఒక పొద్దున మా తమ్ముడికి జ్వరం తలకెక్కింది. వాడికి రెండేళ్లు. కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. నాన్న బొగ్గుబాయిలో డ్యూటీ మీద ఉన్నాడు. కబురు పోయి ఆయన వచ్చేదాకా ఆగే వీలు లేదు. అమ్మ వాణ్ని తడిగుడ్డలో చుట్టి భుజాన వేసుకుంది. ఎనిమిదేళ్ల నేను ఆమె కొంగు పట్టుకుని రేవుకు పరుగెత్తాను.

రేవులో నిలబడితే అవతలి గట్టు మీద దవాఖానా పెంకుల కప్పు సరిగ్గా ఎదురుగా కనిపించేది. మేమెక్కగానే తాత పడవను నీళ్లలోకి నెట్టి, దాని ముక్కును ఎగువకు తిప్పాడు. అటు కొండలు తప్ప ఏమీ లేవు. నేను అడవి దారుల్లో నడిచి పెరిగినదాన్ని. మనిషి ముఖం ఎటుంటే పోయేది అటే అనుకునేదాన్ని. ముసలాయనకు చూపు పోయిందేమోనని భయపడ్డాను.

"తాతా, దవాఖానా గటుంది! నువ్వు ఇటు పోతున్నవ్!" అని అరిచాను.

"నీ నోరే తెడ్డయితే ఈపాటికి ఒడ్డెక్కేటోళ్లం బిడ్డా" అన్నాడాయన, తెడ్డు ఆపకుండానే.

"ఊకో. తాత పని తాతకు తెల్వదా?" అని అమ్మ కసిరి, మళ్లీ కళ్లు మూసుకుని ప్రార్థనలో పడింది. ప్రార్థనలో కళ్లు తెరవడం మా ఇంట్లో పెద్ద తప్పు. ఆ రోజు నేను ఆ తప్పు చేశాను. తమ్ముడి పెదవులు నల్లబడుతున్నాయి. దేవుడు వింటున్నాడో లేదో గాని, ఈ తాత మాత్రం మమ్మల్ని కొండల్లోకి తీసుకుపోతున్నాడని ఏడుపు అందుకున్నాను.

ఊపిరి తీసుకోవడానికి తాత ఒక్క క్షణం తెడ్డు పైకెత్తాడు. పడవలో పడి ఉన్న ఒక వెదురాకును తీసి నీళ్లలో వేసి, దాన్ని చూడమన్నాడు. ఆకు పడవ పక్కనే ఉంది. ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. ఊయలలో నిద్రపోతున్న పసిపిల్లలా ఉంది.

"ఇది యాడికీ పోతలేదు గద తాతా!"

"అవ్ మరి. ఇప్పుడు ఒడ్డు జూడు."

తలెత్తి చూశాను. మా రేవు, రేవులో బట్టలుతికే ఆడవాళ్లు, వాళ్ల వెనక చింతచెట్లు, అన్నీ ఎగువకు పరుగెత్తుతున్నాయి. పరుగెత్తేది ఒడ్డు కాదు. ఆకూ, పడవా, అమ్మా, తమ్ముడూ, నేనూ అందరం కలిసి, చప్పుడు లేకుండా దిగువకు కొట్టుకుపోతున్నాం. అంత పెద్ద కదలిక మా కిందే ఉండి, మాకే తెలియలేదు.

"తెడ్డెయ్యకుంటే మనం గూడ ఆకులమే" అంటూ తాత మళ్లీ వంగాడు. "ముక్కు దవాఖానాకు పెట్టిననుకో, గోదారి మనల్ని ఎక్కడో కింద దింపుతది. ఆడంత బురద. మీ అమ్మ పిలగాన్ని ఎత్తుకొని ఎట్ల నడుస్తది? నేను మీదికి తోస్తా, గోదారి కిందికి తోస్తది. ఇద్దరం కలిస్తే సక్కగ అడ్డం పోతం."

ఆ తర్వాత నాకో పని చెప్పాడు. దవాఖానా కప్పు వెనకాల ఒక తాడిచెట్టు ఉంది. కప్పూ చెట్టూ ఒకదాని వెనక ఒకటి ఉన్నంతసేపు మేము తప్పిపోలేదట. చెట్టు పక్కకు జరిగితే కేక వెయ్యాలి. ఏడుపు మాని కళ్లతో ఆ చెట్టును పట్టుకున్నాను. నడిమి ధారలోకి రాగానే నీటి జోరు పెరిగింది. చెట్టు కప్పు చాటు నుంచి మెల్లగా బయటికి జరిగింది.

"జరిగింది తాతా!"

ఆయన పళ్లు బిగబట్టి ముక్కును ఇంకా ఎగువకు తిప్పాడు. నా కళ్లకు అది దవాఖానాకు వీపు పెట్టినట్టే ఉంది. అయినా చెట్టు మళ్లీ కప్పు వెనక్కి వచ్చి నిలబడింది. ముక్కు కొండలను చూస్తూనే ఉంది, పడవ మాత్రం ఎవరో అరచేతిలో పెట్టుకుని పక్కకు జరిపినట్టు నేరుగా దవాఖానా మెట్లకు చేరింది. అమ్మ ఒక్క ఉదుటున మెట్లెక్కి లోపలికి పరుగెత్తింది.

మధ్యాహ్నానికి జ్వరం దిగింది. తమ్ముడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు. అమ్మ మెట్లు దిగి పడవ దగ్గరికి వచ్చి, తాత రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "నేను తోసింది సగమే తల్లీ" అని ఆయన నవ్వాడు.

తర్వాత బడిలో సారు బోర్డు మీద రెండు బాణాలు గీసి, ఒకటి ఏటి వేగం, ఒకటి పడవ వేగం, రెండూ కలిస్తే వచ్చే మూడో బాణమే పడవ నిజంగా పోయే దారి అని చెప్పారు. పిల్లలంతా రాసుకున్నారు. నేను మాత్రం ఆ బాణాల పక్కన ఒక తాడిచెట్టు గీశాను. దేవుడు నీటికి ఒక కట్టడ, ఒక నియమం, పెట్టాడు. అది ఏ రోజూ మాట తప్పదు. చదువురాని ఒక ముసలాయన దాన్ని నమ్మి మా తమ్ముడి ప్రాణాన్ని దాని మీద పెట్టాడు. విశ్వాసం అనే మాట మా చర్చి సంఘంలో ఎన్నోసార్లు విన్నాను. దాన్ని కళ్లతో చూసింది ఆ పడవలోనే.

మొన్నామధ్య మా సంఘంలో ఒక చెల్లెలు మూడు వారాలు ఆరాధనకు రాలేదు. విశ్వాసం చల్లారింది, లోకం వైపు తిరిగింది అన్నారు కొందరు. ఆ మాట నా నోటిదాకా కూడా వచ్చింది. తాత పడవ ముక్కు గుర్తొచ్చి ఆగి, వాళ్లింటికి వెళ్లాను. మంచాన పడ్డ అత్తకు ముద్దలు కలిపి తినిపిస్తోంది. ఆమె రాత్రీ పగలూ ఎంత జోరైన ఏటికి ఎదురు తెడ్డు వేస్తోందో అక్కడ కూర్చున్నాకే తెలిసింది. ఇద్దరం కలిసి ఆ పెద్దామెకు తినిపించి, ఆ మంచం పక్కనే ప్రార్థన చేసుకున్నాం.