ఫించ్ పేరు కోసం నరసన్నపేట దాకా

ముప్పై ఏళ్ల కిందట విజయనగరంలో, మా బడి స్టాఫ్ రూములో ఒక వాదన జరిగింది. ఫించ్ అనే పిట్టకు ఆ పేరు దాని కూతను బట్టే వచ్చిందన్నాడు సన్యాసిరావు. అతను సంగీతం మాస్టారు. నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ని. "ఏ పుస్తకంలో విన్నావు?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే నిఘంటువు తీస్తే అతని మాటే ఉంది: ఇంగ్లండులో ఆ పిట్ట 'పింక్, పింక్' అంటుందట, పేరు అందులోంచే పుట్టిందట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అతను నాతో మాట్లాడటం మానేశాడు. అయితే మన వరిచేలలోని మునియా పిట్టలు కూడా ఫించ్‌లేనని అతను అంతకుముందు వాదించేవాడు. అవి వేరే కుటుంబమని ఈమధ్య చదివాను. ఆ పేజీ ప్రింటు తీయించి జేబులో పెట్టుకుని, నరసన్నపేట దగ్గర అతని ఊరికి బయల్దేరాను. సగం గెలుపైనా గెలుపే.

పొద్దున్నే అయిదున్నరకు శ్రీకాకుళం బస్సెక్కితే రెండు గంటల ప్రయాణం. మంచులో చేలు, తాడిచెట్లు నీళ్లలో మునిగినట్టు కనిపించాయి. నిద్రో మెలకువో తెలియలేదు. అక్కడ మరో బస్సు మారి నరసన్నపేటలో దిగేసరికి ఎనిమిదిన్నర. అక్కణ్నుంచి అతని ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఆటోకు యాభై రూపాయలు. దారిలో ఒక చేలో ఎవరో డబ్బా మోగిస్తుంటే గుప్పెడు పిట్టలు పొగలా లేచాయి.

"సేన్లో తోల్తాం, ఇంటికాడ సూరుకి కంకుల కుచ్చు కడతాం," అన్నాడు ఆటో అతను.

"అదేం న్యాయమయ్యా?"

"ఆటికీ తిండి కావాల గదా మేస్టారూ!"

సన్యాసిరావు ఇంట్లో ఆ కుచ్చు చూరుకు లేదు. కిటికీ చువ్వకు కట్టి ఉంది, అతని కుర్చీకి జానెడు దూరంలో. గోధుమరంగు మునియాలు నాలుగు గింజలు ఒలుచుకుంటున్నాయి. అతని భార్య పైడితల్లి నన్ను గుర్తుపట్టింది.

"ఏటి మేస్టారూ, ఇన్నేళ్లకా! ఏం సెప్పినా ఇనపడదు ఈయనకి. మూడేళ్లయింది."

అతను నన్ను చూసి పక్కన బల్ల చూపించాడు. "కూత వినపడదురా. ముక్కు కదలడం చూస్తా. ఎలా ఉండేదో మర్చిపోతన్నాను. ఏటంటన్నాయి?"

జేబులో కాగితం అలాగే ఉంది. అతని కుడిచెవి దగ్గర నోరు పెట్టి, "కిటీ, కిటీ," అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వినపడలేదు. అప్పుడు అతని అరచేయి తీసుకుని, పిట్ట కూసినప్పుడల్లా వేలితో తట్టాను. రెండు తట్లు, విరామం, మళ్లీ రెండు.

"ఆదితాళం కాదురా," అని నవ్వాడు. "నువ్వు తాళం తప్పుతన్నావు."

"ఫించ్ పేరు సంగతిలో నువ్వే రైటు," అన్నాను పైకే. అతను పిట్టల్నే చూస్తున్నాడు.

తిరుగుబస్సులో కాగితం తీసి చూశాను. అందులో ఒక్క తప్పూ లేదు. ముప్పై ఏళ్లు దాచిన మాట మాత్రం గాలికి చెప్పి వచ్చాను.

వెళ్లాలనుకునేవారు కోతల రోజుల్లో, మొదటి బస్సుకే వెళ్లండి. ఎండెక్కితే పిట్టలు ఉండవు. ఒప్పుకోవలసింది ఏమైనా ఉంటే, కోతల దాకా కూడా ఆగకండి.