కదిలిన ఫోటో

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. నాకు తాగుడు లేదు, పేకాట లేదు, బీడీ కూడా ముట్టను, అందుకే పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా ఏదో వంక పెట్టి తప్పించుకుంటూ వచ్చాను. నా వ్యసనం నా కోపం, అది పాపమని ఒప్పుకోవడానికే నాకు ఏళ్ళు పట్టింది!

పుత్తూరు బస్టాండు ఎదురుగా నాకు ఫోటో స్టూడియో ఉంది. అక్కడ కూర్చుంటే కోపం రాకుండా ఉంటుందా, మీరే చెప్పండి! ఎముక విరిగి కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, బస్సుకు ఇంకా పది నిమిషాలుందని లోపలికి దూరి, "ఫోటోలో కట్టు పడకూడదప్పా, చెయ్యి మాత్రం పడల్ల" అంటారు. పెద్దాయన్ని నోరు మూసుకోమంటే కళ్ళు మూసుకుంటాడు. నేను నల్లగుడ్డ కప్పుకుని కెమెరాలో అంతా సరిచేసి "కదలొద్దు" అనగానే ఎవరో ఒకరు ఈగను తోలుతారు! అరిచి అరిచి నా గొంతు పోయేది. ఆ రోజుల్లో చనిపోయినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, మాల వేసి ఫోటో తీయించుకునేవాళ్ళు, దానికీ నన్నే పిలిచేవాళ్ళు. "నా గిరాకీల్లో బుద్ధిమంతులు వాళ్ళేనబ్బా, సెప్పినట్టు కూసుంటారు" అని టీ అంగట్లో నవ్వేవాణ్ణి. దేవుడు ఆ మాట విన్నాడు.

నా కూతురు ఎస్తేరుకు అప్పుడు నాలుగేళ్ళు. ఊరందరి బిడ్డలనూ ఫోటో తీస్తావు, మన బిడ్డది ఒక్కటీ లేదే అని నా భార్య రూతమ్మ ఒకటే పోరు. ఒక శనివారం పొద్దున కొత్త గౌను వేసి కూర్చోబెట్టాను. కదిలింది. మళ్ళీ కదిలింది. మూడోసారి కూడా కదిలితే చెంప మీద కొట్టాను. బిడ్డ ఏడవలేదు, నాలుగోసారి రెప్ప కూడా వేయలేదు. "సూసినావా, కొడితేగాని బుద్ధి రాదు" అని రూతమ్మతో గొప్పగా అన్నాను, నా మొహం మండ!

ఆ మధ్యాహ్నమే చీకటిగదిలో, ఎర్రబల్బు వెలుగులో, బిడ్డ ఫోటో కాగితాన్ని మందునీళ్ళలో వేశాను. మెల్లగా ముఖం తేలింది. సహోదరులారా, ఆ ముఖాన్ని నేను అంతకుముందే చూశాను, చావు జరిగిన ఇళ్ళలో కుర్చీకి ఆనించి కూర్చోబెట్టిన బిడ్డల ముఖం అది! బతికున్న నా బిడ్డ నాకు భయపడి అలా కూర్చుంది. అక్కడే కూలబడ్డాను. "ప్రభువా, నా బిడ్డను నేనే సంపుకుంటా ఉండాను, ఈ సెయ్యి పట్టుకో, ఈ నోరు పట్టుకో, నా వల్ల కాదు తండ్రీ" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

మరుక్షణమే మారిపోయానని చెబితే అబద్ధం. బిడ్డ ముందు మోకాళ్ళూని తప్పైపోయిందంటే, తల్లి కొంగు చాటుకు పోయింది. నెలల తరబడి నా దగ్గు వినబడితే చాలు, ఆట ఆపేసేది. అప్పటినుంచి కోపం పొంగినప్పుడల్లా నల్లగుడ్డలో తల దూర్చి ప్రార్థించేవాణ్ణి, జనం కెమెరా సరిచేస్తున్నాడనుకునేవాళ్ళు. కొన్ని కుటుంబాలకు మూడేసి ప్రార్థనలు పట్టేవి!

ఒకరోజు గిరాకీ లేని వేళ నేను అలా ప్రార్థిస్తుంటే, ఆ గుడ్డ కింద చిన్న తల దూరింది.

"నాయనా, ఈడ ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"దేవుడితో తల్లీ, నా కోపం తీసెయ్యమని."

గుడ్డలోంచి తల బయటికి తీసి, "అట్లయితే నన్ను ఫోటో తియ్యి" అని తనే పోయి కుర్చీ ఎక్కింది. నేను కదలొద్దని అనలేదు. సరిగ్గా తీసే క్షణానికి ఎగిరి నవ్వి, "కదిలేసినా నాయనా!" అని అరిచింది. నాకు భయపడకుండా అరిచింది, హల్లెలూయ!

ఆ ఫోటోకు పటం కట్టించి తలుపెదురుగా పెట్టాను. ముక్కూ మొహం తెలియదు, గౌను, పళ్ళు మాత్రం కనిపిస్తాయి. "ఇదేందప్పా, కదిలిపోయుండాదే, దీన్ని పెట్టినావు?" అని వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు, చెప్పి చెప్పి ప్రాణం విసిగిపోతోంది, అయినా చెబుతాను. దేవునికే మహిమ! మీ అడుగుల చప్పుడుకు మీ బిడ్డ ఆట ఆపేస్తుంటే ఈరోజే ఆయన ముందు మోకరించండి, నన్ను భరించినవాడు మిమ్మల్నీ భరిస్తాడు. ఇక నన్ను వెళ్ళనివ్వండి, ముందు వరుసలో మా ఎస్తేరు కుదురుగా కూర్చోలేక ఇప్పటికే మూడుసార్లు లేచింది, ప్రభువుకు స్తోత్రం!