చవక తూటాల మీద నింద

యాభై తూటాల డబ్బా మూత తీయగానే నా తిట్లు మొదలయ్యేవి. "మళ్ళీ ఈ చవక సరుకేనా! మనిషి ఎంత గురి చూసి ఏం లాభం?" వినడానికి పెద్దగా ఎవరూ ఉండరు. చిన్న మంగళారం ఊరు దాటాక ఓ ఫామ్‌హౌస్ వెనకున్న రైఫిల్ రేంజికి మామూలు రోజుల్లో పొద్దున వచ్చేది నేనొక్కణ్ణే. గురి కాగితాలు మార్చి, చాయ్ పెట్టే అవ్వ ఒకామె ఉంటుంది. ఈమధ్య చాయ్ మాత్రం సగం గ్లాసే ఇచ్చేది. పిసినారి ముసలమ్మ అని లోలోపల గొణుక్కునేవాణ్ణి.

నేను బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. భార్య పోయి రెండేళ్ళయింది. మొయినాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. పొద్దు పొడిచి పొద్దు గుంకే దాకా నాతో మాట్లాడే మనిషి ఆ అవ్వ ఒక్కతే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నాలుగు మాటల కోసమే రేంజికి వెళ్ళేవాణ్ణి. క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి గురి పరీక్ష పెడతారు. తప్పితే ఇక లోపలికి రానివ్వరు.

ఈ ఏడాది నా గురి చెదిరింది. ఓ రోజు అవ్వ కాగితం తెచ్చి నా ముందు పరిచింది.

"గీ పొక్కలన్ని పక్కకే పోయినయేంది సారూ?"

"నాదేం లేదవ్వా. చవక తూటాలు. ఒక్కోదాంట్ల మందు ఒక్కో తీరుగ ఉంటది."

"గట్లైతే జర మంచియి తెప్పిచ్చుకోరాదు?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా సంగతి. మందులో హెచ్చుతగ్గులుంటే తూటా పైకో కిందికో పోతుంది గానీ ఇలా పక్కలకు పోదు. ఆ పొద్దున గాలి కూడా లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ అవ్వతో అబద్ధమాడాను.

మర్నాడు ఆమె చాయ్ పెట్టడానికి పోయినప్పుడు రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, అదే డబ్బాలోవి ఐదు కొట్టాను. తర్వాత సంచులు తీసేసి, పక్క కాగితం మీద ఇంకో ఐదు. రైఫిల్ ఖాళీ చేసి కింద పెట్టాక అవ్వ పోయి రెండు కాగితాలూ తెచ్చింది.

"అబ్బో! గిదెవరు కొట్టిండ్రు? అయిదుకైదు ఒక్కకాడనే పడ్డయి!"

"సంచులు కొట్టినయవ్వా."

"మరి గిది?"

"అది నేను."

అవ్వ నవ్వలేదు. నా చేతుల వైపు చూసింది. చూసి, ఎప్పటిలాగే సగం గ్లాసు చాయ్ అందించింది. అప్పుడు వెలిగింది నాకు.

"ఎప్పటి సంది సగమే పోస్తున్నవు?"

"ఉగాది కాడి నుంచి సారూ. చెయ్యి వణుకుతుంటే చాయ్ మీద పడి కాలతదని."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో. నిండా పొయ్యమన్నాను. వద్దు సారూ అంటూనే పోసింది. గ్లాసు నోటి దాకా వచ్చేసరికి సగం నా చొక్కా మీద ఒలికింది. అవ్వ కొంగుతో తుడిచింది. నన్ను ఇంకో మనిషి తాకి రెండేళ్ళయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు.

"ఊకో సారూ. రేపటి సంది సంచులు పెట్టుకొనే కొట్టు."

వచ్చే సోమవారమే క్లబ్బు పరీక్ష. పరీక్షలో సంచులు పెట్టనివ్వరని ఆమెకు చెప్పలేదు.