వారం దేవసహాయానికి, వారం మునెప్పకు

కోలార్ బంగారు గనులు మూతపడి పన్నెండు పదమూడేళ్లయిన రోజుల్లో, బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నన్ను సీనియర్ టెక్నీషియన్‌గా పేస్‌మేకర్ క్లినిక్‌కు మార్చింది. నా పైన ఇద్దరు డాక్టర్లు, నా కింద ఎవరూ లేరు. నేను రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి పెరిగి, అక్కడి నుంచే రోజూ మారికుప్పం రైల్లో పోయి వచ్చేదాన్ని. అందుకని మా గనుల ఊరు కేజీఎఫ్ నుంచి వచ్చే ముసలివాళ్లంతా నా వాటాకే వచ్చేవారు. నేను నర్సును కాదని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు సిస్టరమ్మనే.

ఛాతీ చర్మం కింద అమర్చే పేస్‌మేకర్, గుండె మందగించినప్పుడు ఒక తీగ గుండా కొద్దిపాటి విద్యుత్తు పంపి దాన్ని కొట్టుకునేలా చేస్తుంది. దాంతోపాటు మంచం పక్కన పెట్టుకోవడానికి రేడియో అంత పెట్టె ఇచ్చేవాళ్లం. మనిషి పడుకున్నాక ఆ పెట్టె లోపలి యంత్రం నుంచి బ్యాటరీ, తీగ, గుండె లయల వివరాలు అందుకుని మొబైల్ నెట్‌వర్క్ మీద మాకు పంపేది. పొద్దున కంప్యూటర్ తెరవగానే ఎవరి కబురు వచ్చిందో, ఎవరిది రాలేదో కనిపించేది. చెడ్డ కబురైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. కబురే రాకపోతే ఇంటికి ఫోన్ చేయాలి. ప్లగ్గు పెట్టారా అని అడిగి అడిగి నా గొంతు అరిగిపోయేది.

దేవసహాయం గనిలో టింబర్‌మన్‌గా చేసినవాడు. సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఎనభై దాటిన ఆయన గుండె సొంతంగా కొట్టుకోవడం దాదాపు మానేసింది. భారమంతా యంత్రానిదే. పైగా ఆయన లోపలి తీగ పాతబడి, విద్యుత్తుకు దానిలో ఎదురయ్యే నిరోధం కొద్దికొద్దిగా పెరుగుతోంది. తీగ పూర్తిగా దెబ్బతింటే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. అవసరం పడితే తప్ప ఆ వయసులో మళ్లీ కోత పెట్టడం డాక్టరుకు ఇష్టం లేదు. ఆయన కబురు ఏ రోజుకారోజు చూడమని నాకు ఆదేశం.

ఆ కబురు ఒక వారం శుభ్రంగా వచ్చేది. మరుసటి వారం ఒక్కటీ వచ్చేది కాదు. ఆ పై వారం మళ్లీ మొదలయ్యేది. ఫోన్ చేస్తే, "ప్లగ్గు పెట్టే ఉండాది సిస్టరమ్మా, పచ్చదీపం కూడా ఎలగతా ఉండాది" అనేవాడు. అది అబద్ధం కాదని తర్వాత తెలిసింది. పెట్టె తయారుచేసిన కంపెనీ ఇంజనీరు తప్పు మొబైల్ టవరుదని తేల్చేశాడు. నేనూ కొన్నాళ్లు టవర్నే తిట్టుకున్నాను. ఒకరోజు తేదీలు చూస్తుంటే ప్రతిసారీ మార్పు ఆదివారమే జరుగుతోందని గమనించాను. ఏ టవరూ ఆదివారం చూసుకుని చెడిపోదు. గనిలో మా నాన్న షిఫ్టు మాత్రం వారం వారం అలాగే మారేది.

ఆ ఆదివారం చర్చి అవగానే దేవసహాయం ఇంటికి వెళ్లాను. గని కార్మికుల కోసం వరసగా కట్టిన ఇళ్లలో అదొకటి. ఒక గోడకు అటూ ఇటూ రెండు కాపురాలు. ఆయన భార్య రూతమ్మ కాఫీ ఇచ్చింది. మంచం పక్కన పెట్టె లేదు. యాడ పెట్టినారని అడిగితే ఆమె మొగుడి వైపు చూసింది, ఆయన పైకప్పు వైపు చూశాడు.

పెట్టె పక్కింట్లో ఉంది. అక్కడ మునెప్ప ఒంటరిగా ఉంటాడు. భూమి లోపల దేవసహాయం దుంగ ఎత్తితే రెండో కొస పట్టింది అతనే. అతని తలగడ దగ్గర, ఉతికిన తువ్వాలు మీద పెట్టె బుద్ధిగా కూర్చుని ఉంది.

"వానికీ ఎదలో నొప్పి ఉండాది గదమ్మా," అన్నాడు దేవసహాయం. "నాకు ఒక మిషను లోపల ఉండాది, ఇంగొకటి బయట ఉండాది. వానికి ఒకటీ లేదు. అందుకే వారం నాకు, వారం వానికి."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, తర్వాత కబురు రాకుండా గడిచిన వారాలు లెక్కేసుకున్నాను. గనిలోకి దిగేముందు దీపంతోపాటు ఎవరి నంబరు బిళ్ల వాళ్లకే ఇచ్చేవారు; లోపల ఎవరున్నారో తెలిసేది దానితోనే. ఈ పెట్టె అలాంటిదేననీ, దేవసహాయం యంత్రాన్ని తప్ప దేన్నీ గుర్తుపట్టదనీ చెప్పాను. బిళ్ల మాట రాగానే దేవసహాయం తలదించుకుని, లేచి పెట్టె తెచ్చుకున్నాడు.

"ఆ దీపం చూస్తా పండుకుంటే బాగా నిద్ర పట్టేదమ్మా," అన్నాడు మునెప్ప. "ఇంగ నన్ను ఎవురు చూస్తారు?"

అతని మీద నాకు చాలా ప్రేమ కలిగింది. ఫోన్ నంబరు రాసుకుని, అదే వారం ఆసుపత్రికి రప్పించి పరీక్షలు చేయించాను. గుండె బాగానే ఉంది. నొప్పికీ ఆయాసానికీ కారణం ఊపిరితిత్తుల్లో పేరుకున్న గని దుమ్ము. దానికి వేరే డాక్టరు మందు మొదలుపెట్టాడు. గుండెకు ఏమీ లేదని చెబితే సంతోషించాల్సింది పోయి మునెప్ప మొహం ముడుచుకున్నాడు. ఇక తనకు పెట్టె రాదని అర్థమైంది మరి.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున నా కంప్యూటర్లో దేవసహాయం పేరు ఎర్రగా కనిపించింది. తీగలో నిరోధం రాత్రికి రాత్రి హద్దు దాటింది. పాత ఏర్పాటు ప్రకారమైతే అది మునెప్ప వారం. డాక్టరుకు చెప్పి, ఆంబులెన్స్ పంపించి, దేవసహాయానికి ఫోన్ చేశాను. ఆ పొద్దున అది స్విచాఫ్. వెంటనే మునెప్పకు చేసి, ఆయన్ను మంచం దిగనివ్వొద్దని చెప్పాను. గోడ మీద దబదబా బాదిన చప్పుడు నాకు ఫోన్లోనే వినిపించింది.

"దేవసాయం, లెయ్యొద్దు! అట్లే పండుకోరా! సిస్టరమ్మ చెప్తా ఉండాది!"

ఆంబులెన్స్‌లో అడగకుండానే అతనూ ఎక్కి వచ్చాడు. సాయంత్రానికి కొత్త తీగ వేశారు. దేవసహాయం ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు.

ఆ పెట్టె యంత్రాన్ని చూస్తుంది, మనిషిని పిలవడం దానికి చేతకాదు. అందుకే ఆ తర్వాత పెట్టె ఇచ్చే ప్రతి రోగి వివరాల్లో పక్కింటివాళ్ల పేరు, ఫోన్ నంబరు రాయడం మా క్లినిక్‌లో నియమం చేశాం. అలా మేము మొదట రాసుకున్న పేరు మునెప్పది.