గడువు లేని టోకెన్

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఇందులో ఒక్క అంకె కూడా నా కల్పన కాదు. వేళలన్నీ ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను.

తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో సర్వరు బాధ్యత నాది. శ్రీ సిటీ ఫ్యాక్టరీల నుంచి మహిళా కార్మికులను ఇళ్లకు చేర్చే పదకొండు బస్సుల లెక్క అందులో ఉంటుంది. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అన్నది డ్రైవరు తన ఫోనులో నొక్కుతాడు. ఆ ఫోను మా మనిషిదేనని సర్వరుకు రుజువు చేసేది టోకెన్. లాగిన్ కాగానే మేమిచ్చే రహస్య అక్షరాల వరుస అది. దర్శనం టోకెన్‌కు లాగే దీనికీ గడువుంటుంది. అరగంట దాటితే చెల్లదు. మళ్లీ లాగిన్ అయి కొత్త టోకెన్ తెచ్చుకోవాలి.

నాలుగో బస్సు డ్రైవరు మునిరత్నానికి మాత్రం గడువు లేని టోకెన్ ఇచ్చాను. తప్పు నాదే. పుత్తూరు దాటాక సిగ్నల్ పోయి, నడిదారిలో మళ్లీ లాగిన్ అడుగుతోందని మొత్తుకున్నాడు. "ఆడబిడ్డల్ని సీకట్లో నిలబెట్టి నేను పాస్‌వర్డు కొట్టుకుంటా ఉండాల్నా సార్?" అన్నాడు.

తరువాత కొన్నాళ్లకు గుండెపోటుతో పోయాడు. డ్రైవర్ల జాబితాలో అతడి పేరు కొట్టేశాను. అది చాలనుకున్నాను. కానీ మా సర్వరు టోకెన్ మీద తాను వేసిన రహస్య సంతకాన్నీ గడువునూ చూస్తుందే తప్ప, జాబితాను చూడదు.

అతడు పోయిన మూడో గురువారం. ఆఫీసులో నేనొక్కణ్ణే. 12:52... తెర మీద ఒక కొత్త వరుస. మునిరత్నం టోకెన్.

కళ్లు నులుముకున్నాను. ముప్ఫై సెకన్లు... మళ్లీ అదే. నాలుగో బస్సు. ఎక్కినవారు ముప్ఫై ఒకరు. దిగినవారు ముప్ఫై. మిగిలినది... రేవతి, వడమాలపేట.

నాలుగో బస్సు ఇప్పుడు ఏసుపాదానిది. అతడి ఫోను నుంచి 12:31కే ముప్ఫై ఒక్కరూ దిగినట్టు నమోదైంది. వెంటనే ఫోన్ చేశాను.

"బండి షెడ్డులో పెట్టేసి ఇంటికొచ్చేసినా సార్. అందురూ దిగేసినారు."

"వడమాలపేటలో రేవతి దిగింది నువ్వు సూసినావా అప్పా?"

అతడి గొంతు తగ్గింది.

"ఊళ్లోకొచ్చినాక అన్ని పేర్లూ ఒగేసారి నొక్కేస్తాం గదా సార్. అందురు డ్రైవర్లూ అంతే."

"పోయి ఎనక సీట్లు సూడు."

"మీ కంప్యూటరుకి నిద్ర పట్టకపోతే నాకేంది సార్ ఈ శిక్ష!"

తిట్టుకుంటూనే బయలుదేరాడు. ఫోను పెట్టెయ్యవద్దన్నాను.

1:14. తాళం చప్పుడు... తలుపు కీచుమంది... అడుగులు. ఒకటి... రెండు... లెక్కబెడుతున్నాను. పదకొండో అడుగు దగ్గర ఆగాయి. ఎవరిదో ఊపిరి వినిపించింది... బరువుగా... అది ఏసుపాదానిదో కాదో తెలియలేదు.

"సార్... ఈడుండాది సార్. సీట్ల మద్దెన కింద పడిపోయుండాది. ఒళ్లు కాలిపోతా ఉండాది!"

1:50కి ఇద్దరం కలిసి రేవతిని ఆసుపత్రిలో చేర్చాం. ఆ పిల్లకు స్పృహ లేదు. తెల్లవారేదాకా చెప్పలేమన్నాడు డాక్టరు. వరండాలో ఏసుపాదాన్ని అడిగాను, మునిరత్నం ఫోను ఎవరి దగ్గరుందని.

"ఆ ఫోనా సార్? ఆయప్ప సొక్కా జేబులోనే పెట్టి పూడ్సినాం. మన్నేసినోళ్లల్లో నేనూ ఒగణ్ణి."

అతణ్ణి అక్కడే ఉంచి ఆఫీసుకు తిరిగొచ్చాను. టోకెన్‌ను ఎవడో కాజేసి ఉండాలి. అలా అయితే ఏ ఆడపిల్ల ఏ వేళకు ఏ చీకట్లో దిగుతుందో వాడికి తెలుసు. మూసెయ్యాల్సిందే. కానీ... రేవతి దిగలేదని దొంగకెలా తెలుసు? మా సర్వరులో ముప్ఫై ఒక్కరూ దిగేశారు. ఆ ముప్ఫై అన్న అంకె ఈ లోకంలో ఎక్కడా లేదు, ఆ బస్సులో తప్ప.

4:05కి టోకెన్ల మీద సంతకం వేసే రహస్య తాళాన్నే మార్చేశాను. పాత టోకెన్లన్నీ చచ్చిపోయాయి.

4:06... మునిరత్నం టోకెన్. తిరస్కరణ.

ముప్ఫై సెకన్లు... తిరస్కరణ. మళ్లీ... తలుపు తట్టినట్టు... ఆగకుండా. తిరస్కరించిన సందేశంలో ఏముందో మా సర్వరు చదవదు, దాచదు. ఇంకెవరైనా మిగిలిపోయారా? మిగతా పది మంది డ్రైవర్లనూ నిద్ర లేపాను. బస్సుల్లో రెండేసి సార్లు వెతికించాను. అన్నీ ఖాళీ. అయినా అది ఆగలేదు.

ఫోను మోగింది. ఏసుపాదం.

"సార్... ఇప్పుడే... పోయింది సార్ ఆ పాప."

5:38. తెర వైపు చూశాను. చివరి వరుస 5:37:30. తరువాత... ఏమీ లేదు. మొత్తం నూట ఎనభై నాలుగు సార్లు తట్టింది. ఒక్కసారైనా ఏమంటోందో నేను చదవలేదు.

టోకెన్ దొంగతనమని కంపెనీకి రాసిచ్చాను. కింద సంతకం చేశాను. నమ్మి చేశానా... ఇవాళ్టికీ చెప్పలేను.